పక్క రాంచ్‌లవాళ్ళు కలిసిరాకుండా మన నేల ఒక్కటే బాగుపడుతుందా?

గడ్డినేల
టెక్సస్ హిల్ కంట్రీలో మాకు రెండొందల ఎకరాల పైచిలుకు రాంచ్ (పశువులు మేపే భూమి) ఉంది. మేపు హక్కు లీజుకిచ్చాం, పశువులు మావి కావు. కొన్న రోజుల్లో ఎటు చూసినా సెడార్ పొదలు, వాటి మధ్య తెల్లగా తేలిన సున్నపురాయి. కొంచెం కొంచెంగా పొదలు కొట్టించాం, కుంటలో పూడిక తీయించాం. లీజుదారు మంచివాడు, మాట వింటాడు. మందను ఒకే చోట వదిలేయకుండా తిప్పుతున్నాడు. రాళ్ళ మధ్య లిటిల్ బ్లూస్టెమ్ గడ్డి మళ్ళీ లేస్తోంది. అది చూస్తే నాకు ఎంత సంతోషంగా ఉంటుందో చెప్పలేను.

కష్టమంతా కంచె అవతల నుంచి వస్తోంది. పడమటి వైపు భూమి యజమాని వేరే రాష్ట్రంలో ఉంటాడు. అక్కడి సెడార్ కాయలు పిట్టలు తిని తెచ్చి మా గడ్డిలో వేస్తాయి. వాగు వెంట అడవి పందులు వచ్చి ఒక్క రాత్రిలో నేల తిరగేసి పోతాయి. ఎగువన ఉన్నవాళ్ళు గడ్డి మొదలంటా మేపేశారు, గట్టి వాన పడితే వాళ్ళ మట్టి మా కుంటలోకి దిగుతుంది.

అందరం కలిసి ఒక సంఘంలా ఏర్పడదామని ఇరుగుపొరుగు భూమి యజమానులకు ఉత్తరాలు రాశాను. మీటింగ్‌కి ఇద్దరే వచ్చారు. అందులో ఒకాయన నేను అమ్ముతానేమో కనుక్కోవడానికి వచ్చాడు.

మీలో ఎవరైనా ఇలాంటిది నడిపించారా? ఎలా మొదలుపెట్టాలి? లేదా నా కంచె లోపల చేయగలిగింది చేసుకుని ఊరుకోవాలా?

మెస్కీట్_బావ
ఊరుకోవద్దు. కానీ ఉత్తరంతో మొదలుపెట్టకు. తరతరాలుగా అక్కడే ఉన్నవాళ్ళకి, మొన్న వచ్చిన మనం "సంఘం" అని కాగితం పంపితే మొదట వచ్చేది అనుమానమే. ఫీజు కట్టాలా, రూల్స్ పెడతారా, నా గేటు ఎవరైనా తెరుస్తారా అని.

మా దగ్గర అంతా పందుల బోనుతో మొదలైంది. పెద్ద కొరాల్ బోను (గుంపంతా పట్టే కంచె లాంటిది) ఒక్కరు కొనడం దండగ, ముగ్గురం కలిసి కొన్నాం. ఏ వారం ఎవరి దగ్గర ఉండాలో ఫోన్‌లో మాట్లాడుకునేవాళ్ళం. అలా మాట్లాడుకోవడం అలవాటయ్యాక కంచె గురించి, ఆ తర్వాత నీళ్ళ గురించి, చివరికి గడ్డి గురించి మాటలు వచ్చాయి. సంఘం అనే మాట ఇప్పటికీ ఎవరూ అనలేదు. పని మాత్రం జరుగుతోంది.

పందుల విషయంలో ఒకటి గుర్తుపెట్టుకో. ఒకటీ అరా కాల్చితే మిగతావి బెదిరి పక్క భూమిలోకి పోతాయి, మళ్ళీ వస్తాయి. గుంపు గుంపంతా బోనులో పడేదాకా తలుపు వేయకూడదు. ఏటా మూడింట రెండు వంతుల పందుల్ని తీసేస్తేనే సంఖ్య పెరగకుండా నిలుస్తుందంటారు. ఒక్క రాంచ్ వల్ల అయ్యే పనేనా అది?

కంచెరాయుడు
నాది వేరే అభిప్రాయం. టెక్సస్‌లో 95 శాతం దాకా భూమి ప్రైవేటుదే. నా భూమి మీద నిర్ణయం నాదే అని అక్కడివాళ్ళు అనుకోవడంలో తప్పు లేదు, చట్టం కూడా అదే చెబుతోంది. కలిసి చేద్దాం అని మొదలయ్యేవి చాలావరకు ఒకరిద్దరి ఇష్టం అందరి మీదా రుద్దడంతో ఆగిపోతాయి. మా వైపు ఒక గ్రూపు అలాగే విడిపోయింది. జింకలు ఎన్ని కొట్టాలి అన్న దగ్గర మొదలైన గొడవ, మనుషులు మాట్లాడుకోవడం మానేసేదాకా పోయింది.

గడ్డినేల గారూ, మీ రెండొందల ఎకరాలు చూడముచ్చటగా చేయండి. పక్కవాళ్ళు చూసి వాళ్ళే అడుగుతారు. అడగకపోతే అది వాళ్ళ ఇష్టం.

కొత్త_ఎకరం
మేమూ ఈ మధ్యే కొన్నాం, అందుకే శ్రద్ధగా చదువుతున్నాను. ఒక ప్రాథమిక ప్రశ్న. రెండొందల ఎకరాల్లో ఎన్ని ఆవులు మేపొచ్చు? నేను యాభై అరవై అనుకున్నాను.

రేంజ్_రమ
యాభై ఆవులు వదిలితే ఒక్క ఏడాదిలో నేల బోడి అవుతుంది. లెక్క ఎలా వేస్తారో చెబుతాను, మీకే తెలుస్తుంది.

వెయ్యి పౌండ్ల ఆవు రోజుకి సుమారు 26 పౌండ్ల మేత తింటుంది, ఎండు బరువులో. ఏడాదికి 9,500 పౌండ్ల దగ్గర. పలచని మట్టి ఉన్న చోట ఎకరానికి ఏడాదికి 1,500 పౌండ్ల గడ్డి వస్తుందనుకుందాం. అదంతా ఆవుకి పెట్టకూడదు. సగం నేల మీద నిలిచి ఉండాలి, వేరు బతకాలన్నా వాన నీరు ఇంకాలన్నా అదే ఆధారం. ఇంకో పావు వంతు తొక్కుడుకీ పురుగులకీ పోతుంది. ఆవు నోట్లోకి చేరేది మిగిలిన పావే, అంటే 375 పౌండ్లు. ఆ లెక్కన ఒక ఆవుకి 25 ఎకరాలు కావాలి. రెండొందల ఎకరాల్లో ఎనిమిది ఆవులు. వాన సరిగా పడని ఏడు అన్నీ కూడా ఉండవు. మీ భూమిలో గడ్డి కోసి తూచి చూసుకోండి, నేలను బట్టి ఈ అంకెలు చాలా మారతాయి.

ఇక గడ్డినేల గారి ప్రశ్నకి వస్తాను. ఎనిమిది ఆవుల కోసం భూమిని ఎనిమిది ముక్కలు చేసి, ముక్కముక్కకీ నీళ్ళు పెట్టి తిప్పడం ఖర్చు దండగ. అందుకే చిన్న రాంచ్‌లలో తిప్పుడు మేపు మొదలుపెట్టినవాళ్ళు కొన్నాళ్ళకి మానేస్తారు. అదే నలుగురి భూములు కలిపి, నాలుగు చిన్న మందలని ఒకే మంద చేస్తే? ప్రతి రాంచ్ దానంతట అదే ఒక పాడాక్ (మేపు ముక్క) అవుతుంది. ఒకచోట మంద ఉన్నన్నాళ్ళు మిగతా మూడుచోట్ల గడ్డి వేరు బలపడుతుంది. కొత్తగా కంచె వేయక్కర్లేదు, ఉన్న గేట్లు తెరిస్తే చాలు. ఆ గేట్లు తెరిచే నమ్మకం కావాలి, కష్టం అక్కడే.

కంచెరాయుడు గారూ, హక్కు సంగతి మీరు చెప్పింది నిజమే. గడ్డికీ నీటికీ ఆ సరిహద్దు తెలియదు, నా మాట అంతే.

గడ్డినేల
రమ గారూ, మందలు కలపడం నాకు తట్టనే లేదు. మా లీజుదారే ఇంకో రెండుచోట్ల కూడా మేపుతున్నాడు. ఆ రెండూ మాకు ఆనుకునే ఉన్నాయి.

మెస్కీట్_బావ
అయితే నీ సంఘం ఇప్పటికే ఉందన్నమాట! ఉత్తరాలు యజమానులకి రాశావు, మాట్లాడాల్సింది లీజుదారుతో. మూడు గేట్ల తాళాలు అతని జేబులోనే ఉన్నాయి.

మోంటానా_పశువైద్యం
నేను పశువుల డాక్టర్ని. మోంటానాలో బ్లాక్‌ఫుట్ నది లోయ గురించి కొంచెం వివరంగా రాస్తాను, ఎందుకంటే కంచెరాయుడు గారి అనుమానాలన్నీ అక్కడా ఉండేవి.

ఆ లోయలో రాంచ్‌లున్నాయి, కలప కంపెనీల భూములున్నాయి, ఫెడరల్, స్టేట్ భూములున్నాయి, చేపలు పట్టేవాళ్ళున్నారు. నీళ్ళ కోసం, తోడేళ్ళ కోసం, ఎలుగుబంట్ల కోసం ఒకరితో ఒకరికి పడేది కాదు. 1993లో భూమి ఉన్నవాళ్ళే ముందుకొచ్చి బ్లాక్‌ఫుట్ చాలెంజ్ అని పెట్టుకున్నారు. వాళ్ళు పాటించే పద్ధతి ఏమిటంటే, ఒప్పుకోగలిగిన ఎనభై శాతం విషయాల మీద ముందు పని చేద్దాం, తేలని ఇరవై శాతం పక్కన పెడదాం అని.

గ్రిజ్లీ ఎలుగుబంట్లు తిరిగి రావడం మొదలైనప్పుడు పెద్ద తగాదా అవ్వాల్సింది. ఈతల కాలంలో చచ్చిన దూడల్నీ ఆవుల్నీ ప్రతి రాంచ్‌లో ఒక మూల పడేసేవాళ్ళు. ఎలుగుబంటి ఆ వాసనకి వచ్చేది, అలవాటు పడి బతికున్న దూడల దగ్గరికీ వచ్చేది. ఒక్కరు శుభ్రంగా ఉంటే లాభం లేదు, పక్క రాంచ్‌లో కళేబరం ఉంటే ఎలుగు ఎలాగూ లోయలోకి దిగుతుంది. అందుకని 2003 నుంచి లోయంతా తిరిగి కళేబరాలు ఎత్తుకెళ్ళే ట్రక్కు పెట్టారు. తీసుకెళ్ళి కంపోస్టు చేస్తారు. ఎవరి దగ్గర ఎన్ని చచ్చాయని గుచ్చి అడగరు, అందుకే రాంచర్లు ఫోన్ చేస్తారు. ఈతల పాకల చుట్టూ కరెంటు కంచెలు వేసుకున్నారు, వేసవిలో మంద వెంట తిరిగే రైడర్లని పెట్టుకున్నారు.

కరువు ఏడాదుల్లో నదిలో నీరు తగ్గితే పాత హక్కు ఉన్నవాళ్ళు (నీళ్ళలో మొదటి వంతు వాళ్ళదే) కూడా తమంతట తాము పొలాలకి తోడుకోవడం తగ్గిస్తారు, చేపలు పట్టేవాళ్ళు గాలాలు పక్కన పెడతారు. కొంత నష్టం అందరూ పంచుకోవాలన్నది అక్కడి ఒప్పందం. పాత నీటి హక్కు అంటే పశ్చిమ రాష్ట్రాల్లో ఎంత విలువైనదో తెలిసినవాళ్ళకి ఇది ఎంత పెద్ద విషయమో అర్థమవుతుంది.

కంచెరాయుడు
మోంటానా గారు చెప్పింది బాగుంది, కాదనను. కానీ అక్కడ నది ఒకటే, అందరికీ కనిపిస్తుంది. హిల్ కంట్రీలో ఒక్కొక్కరిది ఒక్కో అవసరం. ఒకరికి ఆవులు, ఒకరికి జింకల వేట, ఒకరికి వారాంతపు ఇల్లు. ఎనభై శాతం ఏకాభిప్రాయం ఎక్కడ దొరుకుతుంది?

సరిహద్దు_గడ్డి
కంచెరాయుడు గారికి, అరిజోనా-న్యూ మెక్సికో సరిహద్దు నుంచి ఒక ఉదాహరణ. మాల్పాయ్ బోర్డర్‌లాండ్స్ గ్రూప్, 1994లో పుట్టింది. సుమారు ఎనిమిది లక్షల ఎకరాలు. అందులో సొంత భూములు, స్టేట్ భూములు, ఫారెస్ట్ సర్వీస్, బీఎల్ఎమ్ (ఫెడరల్ భూముల శాఖ) మేపు భూములు అన్నీ గళ్ళు గళ్ళుగా కలిసిపోయి ఉంటాయి.

వాళ్ళని కలిపింది మంట. 1991లో ఒక చిన్న నిప్పు గడ్డికి మంచిదే అని రాంచర్లు అనుకుంటే ప్రభుత్వ సిబ్బంది ఆర్పేశారు. గడ్డి నేలలకి అప్పుడప్పుడు నిప్పు కావాలి, లేకపోతే పొదలు కమ్మేస్తాయి. ఆ కోపంతో కూర్చుని మాట్లాడుకోవడం మొదలుపెట్టారు. రాంచర్లంటే గిట్టని పర్యావరణవాదుల్ని కూడా అదే బల్ల దగ్గరికి పిలిచారు.

వాళ్ళ పద్ధతుల్లో నాకు బాగా నచ్చింది గ్రాస్‌బ్యాంక్. కరువొచ్చి మీ గడ్డి అయిపోయిందనుకోండి, మామూలుగా అయితే మందని అయినకాడికి అమ్ముకోవాలి, లేదా ఉన్న నేలనే ఇంకా గీకించాలి. అక్కడ గ్రే రాంచ్ అని మూడు లక్షల ఎకరాలు దాటిన పెద్ద రాంచ్ ఉంది. రాంచర్లు పశువులని అక్కడికి తోలి మేపుకునేవాళ్ళు, ఈలోగా వాళ్ళ నేల కోలుకునేది. అందుకు బదులుగా, ఆ గడ్డి విలువకి సరిపడా తమ భూమి మీద ఒక ఈజ్‌మెంట్ (చట్టబద్ధమైన హామీ) రాసిచ్చేవాళ్ళు, దాన్ని ఎప్పటికీ ముక్కలు చేసి ప్లాట్లుగా అమ్మకుండా. రాంచర్‌కి మంద మిగులుతుంది, లోయ చీలికలు కాకుండా మిగులుతుంది.

1996లో ఆ గ్రూపు పెద్దల్లో ఒకరైన వార్నర్ గ్లెన్ వేటకుక్కలతో కొండల్లోకి వెళ్తే జాగ్వార్ ఎదురైంది. తుపాకీ తీయకుండా కెమెరా తీశాడు. పశువులు మేపే కుటుంబంలోని మనిషి, పశువుల్ని తినే జంతువుని కాపాడాలని నిలబడ్డాడు.

వాళ్ళవి కూడా ఒకే అవసరాలు కావు కంచెరాయుడు గారూ. భూమి ముక్కలైతే అందరం నష్టపోతాం అన్న ఒక్క భయం మాత్రం ఉమ్మడిగా ఉంది. హిల్ కంట్రీలో ఆ భయం లేదా?

కంచెరాయుడు
ఉంది. చాలా ఉంది. మా రోడ్డు మీద పెద్ద రాంచ్ ఒకటి పదేసి ఎకరాల ముక్కలైపోయింది.

ఓక్_నీడ
ఒకరి అవసరం ఒకరికి కలవదు అన్నారు కదా, హిల్ కంట్రీలో అందరినీ ఒకే గీత మీదికి తెచ్చేది ఒకటుంది, ఓక్ విల్ట్ అనే చెట్ల జబ్బు. లైవ్ ఓక్ చెట్ల వేళ్ళు నేల లోపల ఒకదానితో ఒకటి అతుక్కుపోతాయి. ఈ ఫంగస్ ఒక చెట్టు నుంచి ఇంకో చెట్టుకి ఆ వేళ్ళ గుండానే పాకుతుంది. పైన కంచె ఉన్న సంగతి దానికి తెలియదు.

ఆపాలంటే కనీసం నాలుగు అడుగుల లోతు కందకం తవ్వి వేళ్ళు తెంపాలి. ఆ కందకం జబ్బు కనిపిస్తున్న చెట్టు పక్కనే తవ్వితే లాభం లేదు, వంద అడుగులు ముందుకి జరిగి తవ్వాలి. ఆ వంద అడుగులు చాలాసార్లు పక్కవాడి భూమిలో పడతాయి. మా వీధిలో అయిదు కుటుంబాలు కలిసి ఒకే కందకం తవ్వించాం. కొందరివి జబ్బు లేని చెట్లు, అయినా ముందుకొచ్చారు. కందకం అవతల నిలిచిన చెట్ల కింద ఇప్పుడు మా పిల్లలు ఆడుకుంటున్నారు.

ఫిబ్రవరి నుంచి జూన్ దాకా ఓక్ కొమ్మలు కొట్టకండి, ఏ కాలంలో కొట్టినా గాయానికి వెంటనే పెయింట్ వేయండి. ఇది ఒక్కరు మర్చిపోయినా చుట్టుపక్కల అందరికీ నష్టం.

కొత్త_ఎకరం
మొన్ననే మార్చిలో కొమ్మలు కొట్టించాలని మనిషిని మాట్లాడాం. ఇప్పుడే ఫోన్ చేసి ఆపిస్తున్నాను. థాంక్స్ అండి.

ఇంకో టెన్షన్ ఉంది. నేలకి విశ్రాంతి ఇద్దామని పశువుల్ని తీసేస్తే ట్యాక్స్ పెరిగిపోతుందట కదా?

కౌలు_కాగితం
భూమి పన్నుల కాగితాలు చూడటం నా పని, తెలిసినంత చెబుతాను. మీ కౌంటీ అప్రైజల్ ఆఫీసులో తప్పకుండా అడగండి, స్థానికంగా తేడాలుంటాయి.

టెక్సస్‌లో రాంచ్ భూమికి మార్కెట్ విలువ మీద కాకుండా సాగు విలువ మీద పన్ను వేస్తారు. తేడా చాలా ఎక్కువ. ఆ భయంతోనే చాలామంది గడ్డి లేకపోయినా ఆవుల్ని ఉంచి నేల పాడుచేస్తారు. వేరే దారి ఉంది. ఇప్పటికే సాగు విలువ ఉన్న భూమిని వన్యప్రాణుల నిర్వహణకి మార్చుకోవచ్చు, పన్ను పెరగదు. ఏడు రకాల పనుల్లో కనీసం మూడు ఏటా చేయాలి. జంతువుల నివాసం బాగుచేయడం, మట్టి కోత ఆపడం, వేటాడే జంతువుల అదుపు, అదనంగా నీళ్ళు, అదనంగా మేత, గూళ్ళు లేదా ఆశ్రయాలు, జంతువుల లెక్కింపు. ఇవీ ఆ ఏడు. కలిసి పనిచేసే గ్రూపులో ఉంటే లెక్కింపు ఒక్కసారే అందరికీ జరిగిపోతుంది. జింకల నిర్వహణ ప్రోగ్రామ్‌లో కూడా పక్కపక్క భూములవాళ్ళు ఒక సంఘంగా చేరడానికి పార్క్స్ అండ్ వైల్డ్‌లైఫ్ డిపార్ట్‌మెంట్ ఒప్పుకుంటుంది.

భూమి వాడకం పూర్తిగా మార్చేస్తే మాత్రం వెనక మూడేళ్ళ పన్ను తేడా కట్టాలి. 2019కి ముందు అయిదేళ్ళు ఉండేది.

గడ్డినేల గారికి ఒక సలహా. మందలు కలిపే ఆలోచన ఉంటే నోటిమాట మీద వదిలేయకండి. ఎవరి ఆవులు ఎన్ని, ఎన్ని రోజులు, దూడ చస్తే ఎవరిది నష్టం, కంచె తెగితే ఎవరు కట్టాలి, వాన లేకపోతే ముందు ఎవరి పశువులు బయటికి పోవాలి, ఇవన్నీ ఒక పేజీలో రాసుకోండి. స్నేహం చెడకుండా కాపాడేది ఆ పేజీయే.

మెస్కీట్_బావ
చివరి వాక్యం ఫ్రేమ్ కట్టించి గేటుకి తగిలించాలి. వాన లేకపోతే ఎవరి పశువులు ముందు పోవాలి అన్నది వాన ఉన్నప్పుడే మాట్లాడుకోవాలి.

రేంజ్_రమ
అవును, దానికి తేదీ కూడా పెట్టుకోండి. ఫలానా తేదీకి ఇంత వాన పడకపోతే ఇన్ని పశువులు తగ్గిస్తాం అని. గడ్డి పూర్తిగా అయిపోయాక అందరూ ఒకేసారి అమ్మకానికి పెడితే ధర పడిపోతుంది, నేలా పోతుంది.

ఖర్చు సంగతి కూడా చెప్పాలి. ఎన్ఆర్‌సీఎస్ (నేల, నీటి సంరక్షణ చూసే ఫెడరల్ సంస్థ) వాళ్ళ ఈక్విప్ పథకంలో కంచెలకీ, నీళ్ళ పైపులకీ, పొదలు తీయడానికీ కొంత భాగం ఇస్తారు. చిన్న రాంచ్‌లు కూడా అడగొచ్చు. పక్కపక్కనున్న నలుగురు ఒకే ప్లాన్‌తో వెళ్తే ఆ ప్లానర్‌కి లోయ మొత్తం కనిపిస్తుంది, నీళ్ళ పైపు ఎటు వేస్తే అందరికీ అందుతుందో తెలుస్తుంది. అదే ఎన్ఆర్‌సీఎస్ 2010లో సేజ్ గ్రౌస్ పిట్ట కోసం పశ్చిమ రాష్ట్రాల్లో రాంచర్లతో కలిసి పని మొదలుపెట్టింది. 2015లో ఆ పిట్టని అంతరించిపోయే జాబితాలో చేర్చక్కర్లేదని ఫెడరల్ ప్రభుత్వం తేల్చింది. పిట్టకి మంచిదేదో మందకీ మంచిదే అని రాంచర్లు తమ భూముల్లో చేసిన పని వల్ల చాలావరకు అది సాధ్యమైంది.

కొత్త_ఎకరం
సెడార్‌కి నిప్పు పెడతారని చదివాను. నిజంగానా? వినడానికే భయంగా ఉంది. పక్కవాళ్ళ ఇల్లు అంటుకుంటే?

ప్లాట్_నది
నెబ్రాస్కా నుంచి. భయం సహజమే. కానీ ఈ పనిని ఇరుగుపొరుగు కలిసి ఎంత బాగా చేయొచ్చో నేను దగ్గరుండి చూస్తున్నాను.

మా లోయెస్ కాన్యన్స్‌లో ఈస్టర్న్ రెడ్ సెడార్ కొండల్ని కమ్మేసింది. చెట్టు కిందకి గడ్డి రాదు, గడ్డి లేకపోతే ఆవులు లేవు. 2000ల మొదట్లో రాంచర్లు గ్రూపులు కట్టి మంటలు పెట్టడం మొదలుపెట్టారు. ఈ వారం మీ భూమి, వచ్చే వారం మాది. నీళ్ళ ట్యాంకులు, స్ప్రేయర్లు, రేడియోలు అన్నీ ఉమ్మడివి. ముందు ఏడాదే కొన్ని చెట్లు కొట్టి, నిలిచి ఉన్న పెద్ద చెట్ల కింద కుక్కుతారు, ఎండాక మంట పైకి ఎక్కడానికి. ఆ ఏడాది అక్కడ మేపరు, గడ్డి ఒత్తుగా ఉంటేనే మంట సమంగా నడుస్తుంది.

గాలి ఎటు, తేమ ఎంత, ఎవరు ఏ మూల నిలబడాలి, అన్నీ కాగితం మీద ఉంటాయి. ఒక్కటి తేడా వచ్చినా ఆ రోజు మంట ఉండదు, అందరూ ఇంటికి పోతారు. అంతమంది మనుషులు ఒక్క రాంచ్‌లో ఉండరు కాబట్టి ఈ పని ఇరుగుపొరుగు లేకుండా జరగదు.

కౌలు_కాగితం
టెక్సస్‌కి సంబంధించి ఒక మాట. అగ్రికల్చర్ డిపార్ట్‌మెంట్ సర్టిఫికెట్, కనీసం పది లక్షల డాలర్ల ఇన్సూరెన్స్ ఉన్న బర్న్ మేనేజర్లు ఉంటారు. వాళ్ళ పర్యవేక్షణలో మంట పెడితే నష్టం జరిగినా భూమి యజమాని మీదికి రాకుండా చట్టంలో రక్షణ ఉంది. ఎడ్వర్డ్స్ ప్లాటూలో (హిల్ కంట్రీ ఉన్న పీఠభూమి) రాంచర్ల బర్న్ అసోసియేషన్ 1997 నుంచే నడుస్తోంది, కొత్తవాళ్ళకి నేర్పుతారు.

మెస్కీట్_బావ
నేను మాత్రం మేకల పక్షం. మేకల్ని వదిలితే చిన్న సెడార్ మొలకల్ని నమిలేస్తాయి, పొగ లేదు, టెన్షన్ లేదు. ఇల్లు దగ్గరగా ఉన్న చోట నిప్పు జోలికి పోను.

రేంజ్_రమ
రెండూ కావాలి బావగారూ (హ్యాండిల్ అలా పెట్టుకున్నారు కాబట్టి అందరికీ బావే). చిన్న మొలకలకి మేకలు, నిప్పు రెండూ పనిచేస్తాయి. ఇక్కడ సెడార్ అనేది నిజానికి జునిపర్ చెట్టు. మీ దగ్గర ఉన్నది యాష్ జునిపరా, రెడ్‌బెర్రీనా చూసుకోండి. యాష్ జునిపర్ మొదలు కొడితే మళ్ళీ చిగురించదు. రెడ్‌బెర్రీ చిగురిస్తుంది. మెస్కీట్ అనే ముళ్ళ చెట్టూ చిగురిస్తుంది, ఆ సంగతి మీ హ్యాండిల్‌కే తెలుసు.

కానీ అందరికీ ఒక విన్నపం. సెడార్ అంతా శత్రువు కాదు. నిటారు వాలుల్లో, వాగుల వెంట ఉండే ముసలి యాష్ జునిపర్లని ముట్టుకోకండి. గోల్డెన్ చీక్డ్ వార్బ్లర్ అనే పిట్ట వాటి బెరడు పీచుతోనే గూడు కడుతుంది, గూడు పెట్టేది ప్రపంచంలో టెక్సస్‌లో మాత్రమే. 1990 నుంచి అంతరించిపోయే జాబితాలో ఉంది. ఒక రాంచర్ తన భూమిలోవి ఉంచి, పక్కాయన మొత్తం నరికేస్తే ఆ పిట్టకి చాలదు. ఏది తీయాలి, ఏది ఉంచాలి అన్న మ్యాప్ కూడా ఇరుగుపొరుగు కలిసి గీసుకోవాలి.

ఇంకా, సెడార్ కొట్టగానే ఊటలు పొంగుతాయన్న ఆశతో కొట్టకండి. కొన్నిచోట్ల నీరు పెరుగుతుంది, చాలాచోట్ల పెద్ద తేడా ఉండదు. కొట్టాక అక్కడ గడ్డి నిలబడితేనే వాన నీరు ఇంకుతుంది. బోడిగా వదిలేస్తే గడ్డినేల గారి కుంటలోకి వచ్చే మట్టి ఇంకా పెరుగుతుంది.

పాన్‌హ్యాండిల్_పద్మ
నిప్పు గురించి మాట్లాడుతున్నారు కాబట్టి రాస్తున్నాను. 2024 ఫిబ్రవరి 26న మొదలైన స్మోక్‌హౌస్ క్రీక్ మంట మా వైపుది, టెక్సస్ ఉత్తరపు కొసన ఉన్న పాన్‌హ్యాండిల్‌లో. పాడైన కరెంటు స్తంభం పడి రాజుకుంది, పది లక్షల ఎకరాలు దాటి కాల్చేసింది. టెక్సస్ చరిత్రలో అంత పెద్దది లేదు. వేల పశువులు పోయాయి. కాలిన పొదుగులతో నిలబడ్డ ఆవుల్ని చూసినవాళ్ళు ఆ సంగతి మాట్లాడలేరు.

ఆ రాత్రి మాకు పనికొచ్చింది పక్కవాళ్ళ ఫోన్ నంబర్లు. ఎవరి దగ్గర స్ప్రేయర్ ఉంది, ఏ గేటుకి తాళం లేదు, ఎవరి గోధుమ చేను పచ్చగా ఉంది, పశువుల్ని అక్కడికి తోలొచ్చా, ఇవి ముందే తెలిసినవాళ్ళ మందలు ఎక్కువ మిగిలాయి. ఎవరిదన్నది చూడకుండా కంచెలు కత్తిరించాం. తర్వాత వేరే రాష్ట్రాల నుంచి ముక్కూ మొహం తెలియని రాంచర్లు ట్రక్కులకి ట్రక్కులు ఎండుగడ్డి పంపారు. ఇప్పటికీ ఆ రుణం మర్చిపోలేను.

గడ్డినేల గారూ, మీ మొదటి పని ఇదే చేయండి. ఒక పేజీ. రాంచ్ పేరు, ఫోన్, నీళ్ళు ఎక్కడ, గేట్లు ఎక్కడ, ఎవరి దగ్గర ఏ సామాను. దీనికి ఎవరూ కాదనరు. వేరే రాష్ట్రంలో ఉన్న ఆ పడమటి యజమాని కూడా.

కంచెరాయుడు
పద్మ గారు చెప్పిన పేజీకి నేనూ సంతకం పెడతాను. మందలు కలపడం మీద నా అభిప్రాయం మారలేదు, రోగాల సంగతి ఎవరూ ఎత్తలేదు. వేరే మందలు కలిస్తే ట్రైకోమోనియాసిస్ అనే సంపర్క రోగం ఒక్క ఆంబోతు నుంచి మొత్తానికి పాకుతుంది.

మోంటానా_పశువైద్యం
చాలా సరైన మాట. అది పాకితే ఆవులు చూలు నిలుపుకోవు, ఏడాది దూడల ఆదాయం పోతుంది. కలపడానికి ముందు ప్రతి ఆంబోతుకీ పరీక్ష చేయించాలి. ఇంకా మంచిది, చూలు కట్టాకే, ఆంబోతులు లేకుండా మందలు కలపడం. కౌలు_కాగితం గారి పేజీలో ఇదీ చేర్చండి. టీకాలు కూడా.

గడ్డినేల
అందరికీ నమస్కారాలు. మీ మాటలు పట్టుకుని లీజుదారుతో కూర్చున్నాను. మందలు కలిపే ఆలోచన అతనికి ఎప్పట్నుంచో ఉందట, యజమానులు ఒప్పుకోరని అడగలేదట. మిగతా ఇద్దరు యజమానులతో అతనే మాట్లాడాడు. ఈ శరత్కాలంలో చూలు ఆవులతో మాత్రమే, మూడు భూముల మధ్య తిప్పుదామని అనుకున్నాం. కాగితం రాస్తున్నాం, ఆంబోతుల పరీక్ష మొదటి వాక్యంగా.

పద్మ గారి పేజీ పడమటి యజమానికి పంపాను. జవాబు వచ్చింది. సెడార్ మాట నేను ఎత్తనే లేదు. కంచె వెంట చెట్లు తీయడానికి మనిషి దొరికితే ఖర్చులో సగం ఇస్తానని ఆయనే రాశాడు. ఎగువవాళ్ళ నుంచి మాత్రం ఏ జవాబూ లేదు. అక్కడి మేపు చూస్తే మనసు పాడవుతుంది, కానీ వాళ్ళకి అప్పులున్నాయని లీజుదారు చెప్పాడు. పశువులు తగ్గిస్తే బ్యాంకుకి ఏం కట్టాలి అన్నది వాళ్ళ బాధ.

సరిహద్దు_గడ్డి
ఆ ఎగువ కుటుంబాన్ని వదలొద్దండి. మీ మూడు భూముల్లో ఒకదానికి గడ్డి మిగిలే ఏడు వస్తుంది. అప్పుడు వాళ్ళ మందకి రెండు నెలలు చోటిచ్చి, బదులుగా ఆ వాలుని ఖాళీగా ఉంచమని అడగండి. చిన్న గ్రాస్‌బ్యాంక్ అదే. డబ్బు ఇబ్బందిలో ఉన్నవాళ్ళని గడ్డి తగ్గించమని అడగడం కంటే గడ్డి ఇస్తామని అడగడం మేలు.

రేంజ్_రమ
మొదలుపెట్టే ముందు ఫోటోలు తీయండి. ప్రతి భూమిలో రెండు మూడు చోట్ల ఇనుప గూటం పాతి, ఏటా అదే నెలలో, అదే గూటం దగ్గర నుంచి, అదే దిక్కుకి. పక్కన ఒక చిన్న చోట పశువు పోకుండా కంచె బుట్ట పెట్టండి, మేపనిదీ మేపిందీ పక్కపక్కన కనిపిస్తాయి. ఫోటోలు ముగ్గురు యజమానులూ కలిసి తీయాలి. రెండేళ్ళ తర్వాత నాదే బాగుంది, నీదే పాడైంది అన్న వాదన వస్తే ఫోటో పెట్టి చూసుకోవచ్చు.

మెస్కీట్_బావ
పందుల బోను కావాలంటే మాది ఖాళీగా ఉంది, వచ్చి తీసుకెళ్ళు. ట్రెయిలర్ నువ్వే తెచ్చుకో.

గడ్డినేల
తప్పకుండా వస్తాను. పడమటి కంచె దగ్గర చెట్లు కొట్టాక వచ్చే చలికాలంలో మంట పెట్టాలని బర్న్ అసోసియేషన్‌లో చేరాను. ముందు వేరేవాళ్ళ మంటకి సాయం వెళ్ళి నేర్చుకోమన్నారు. వెళ్ళేటప్పుడు ఏం తీసుకెళ్ళాలి?

ప్లాట్_నది
నైలాన్, పాలిస్టర్ బట్టలు వద్దు, కరిగి ఒంటికి అంటుకుంటాయి. పూర్తి చేతుల కాటన్ చొక్కా, జీన్స్, తోలు బూట్లు, తోలు గ్లవ్స్. కళ్ళకి అద్దాలు. తాగడానికి నీళ్ళు మీకు సరిపోయినదానికి రెట్టింపు. పొద్దున్న బ్రీఫింగ్‌కి ఆలస్యంగా వెళ్తే పని ఇవ్వరు, ముందే చేరండి.